ఒక్క టేకు అన్న

మా ఇంట్లో నటులు ఎవరూ లేరు. సినిమా తీయాలన్న పిచ్చి మాత్రం నాకు ఉండేది. పిచ్చి ఒకరిది, బాధ ఇంటిల్లిపాదిది.

రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది నాన్న జమ్మలమడుగులో కెమెరా ఉన్న పెద్ద ఫోను ఒకటి కొన్నాడు. ఆయన బడిపంతులు. ఫోనంటే మాట్లాడటానికి తప్ప ఇంకెందుకూ కాదని ఆయన నమ్మకం. సాయంత్రం ఆయన ప్రార్థనకు కూర్చోగానే అది నా చేతికి వచ్చేది. ఆమెన్ అనేలోపు ఒక షాటు తీయాలి. ఇప్పటికీ నా షాట్లు పొట్టిగా ఉంటాయని చూసినవాళ్లు అంటారు. అలవాటు అట్లా పడింది.

నటించడానికి నాకు దొరికేది ముగ్గురే. అందరికంటే పెద్ద అన్న, ఆ తర్వాత అక్క, మా వీధి చివర గుడి పూజారిగారి అబ్బాయి. వాడూ నేనూ ఒకే తరగతి. ఈ ముగ్గురికీ సినిమాలో నటించాలని లేదు. నటించాలని ఉబలాటపడేవాళ్లు ఊళ్లో చాలామందే ఉండేవారు కానీ వాళ్లతో నాకు కుదరలేదు. మా జిల్లా పేరు చెప్పగానే సినిమావాళ్లకు ఏం గుర్తొస్తుందో వాళ్లకూ అదే గుర్తొచ్చేది. పెన్న ఇసుకలో షూటింగ్ అని చెప్పిన రోజు ఒకడు ఇంట్లోంచి కొడవలి తెచ్చాడు. ఇంకొకడు వాళ్ల మామ తెల్లచొక్కా వేసుకుని మీసం దువ్వుకుంటూ దిగాడు. నా కథలో ఒక పిల్లవాడు తప్పిపోయిన మేకను వెతుక్కుంటాడు, అంతే. అందులో కొడవలికి పని లేదని చెబితే మొహాలు మాడ్చుకుని వెళ్లిపోయారు.

అట్లా ఇష్టం లేని ముగ్గురే మిగిలారు. వాళ్లను ఒప్పించడమే నేను నేర్చుకున్న సినిమా విద్యలో సగం.

పూజారిగారి అబ్బాయికి కారం దోసె ఇప్పిస్తే వచ్చేవాడు. అయితే వాడికి కొన్ని నియమాలు ఉండేవి. చావకూడదు, తాగకూడదు, దెబ్బలు తినకూడదు. "గుళ్లో హారతి పట్టేటోన్నప్పా నేను. ఈడ పీనుగులెక్క పండుకుంటే పొద్దున తీర్థం ఎవురు తీసుకుంటారు నా చేత?" అనేవాడు. న్యాయమే. ఈ మూడూ తీసేస్తే మగవాడికి మిగిలేవి డాక్టరు వేషం, పోలీసు వేషం. అందుకే నా మొదటి సినిమాల్లో కథ ఏదైనా సరే, మధ్యలో ఒక డాక్టరో పోలీసో వచ్చి రెండు మాటలు మాట్లాడి పోతాడు. మేక తప్పిపోయిన కథలోకీ ఒక పోలీసు వచ్చాడు.

అక్కది ఒకటే షరతు. మొహం కనపడకూడదు. అప్పుడు ఆమెకు సంబంధాలు చూస్తున్నారు. "రేప్పొద్దున ఎవురో చూసి, ఈ పిల్ల సినిమాలేస్తాది అంటే నువ్వొచ్చి జవాబు చెప్తావా?" అని అడిగింది. చెప్పలేను కాబట్టి ఆమెను వెనకనుంచే తీశాను. బియ్యం చెరుగుతున్న వీపు, జడ వేసుకుంటున్న వీపు, వాకిట్లో ఎవరికోసమో ఎదురుచూస్తున్న వీపు. "నీ వీపు శానా బాగా చేస్తాదిక్కా" అని మెచ్చుకుంటే చేతిలో ఉన్న చేట విసిరింది. నిజంగానే బాగా చేసేది. ఏడుపు సీనులో ఆమె భుజాలు కదిలిన తీరు చూసి అమ్మ కంగారుపడి బయటికి వచ్చింది.

అన్నతో మాత్రం వేరే రకం కష్టం. రమ్మంటే వచ్చేవాడు, చెప్పింది చేసేవాడు, కానీ ఒక్కసారే చేసేవాడు. వెనకాల ఆవు అరిచినా, మోటారుసైకిలు పోయినా, నేను బటన్ నొక్కడం మరిచిపోయినా సరే, రెండోసారి లేదు. "ఒక తూరి చెప్పినా గదా. బాగుంటే పెట్టుకో, ల్యాకుంటే తీసెయ్" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవాడు. సినిమాలోనే కాదు, ఆయన అన్నిచోట్లా అంతే. సంతలో బేరం కూడా ఒక్క మాటే. ఒప్పుకుంటే తీసుకుంటాడు, లేకపోతే వెనక్కి తిరిగి చూడకుండా నడుస్తాడు. కూరగాయలమ్మే ఆమె వెనకనుంచి కేకేసి ధర తగ్గించినా తిరగడు. మాట రెండుసార్లు చెప్పేవాడు మనిషి కాడన్నట్టు ఉండేవాడు. ఇంట్లో మేం ఆయన్ను ఒక్క టేకు అన్న అనేవాళ్లం, ఆయన లేనప్పుడు.

ఇంకొక చిక్కు ఉంది. అది వాళ్ల తప్పు కాదు, మేం పెరిగిన తీరులోనే ఉంది. మా ముత్తాతల కాలంలో మిషను దొరల చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు మావి. మాకు నటన అంటే క్రిస్మస్ నాటకమే. ఏటా డిసెంబరులో అన్న గొర్రెల కాపరి, అక్క దేవదూత, నేను గొర్రె. ఆ నాటకానికి ఒక కట్టుబాటు ఉండేది. సంఘానికి వీపు చూపకూడదు. వేదిక మీద నిలబడినవాళ్లకు కుడిచేతి వైపు, ముందు వరుసలో, పాస్టరుగారూ సంఘపెద్దలూ కూర్చునేవారు. కాబట్టి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నా కుడివైపుకు తిరిగి, వెనక బెంచీదాకా వినపడేటట్టు మాట్లాడాలి. దేవదూత కాపరికి శుభవార్త చెబుతుంది, చూపు మాత్రం పాస్టరుగారి మీద. కాపరి భయపడి మోకాళ్లూనుతాడు, చూపు పాస్టరుగారి మీదే. ఇరవయ్యేళ్లు అదే చూశాం. మాకు అందులో వింతేమీ కనిపించేది కాదు. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

కాలం గడిచింది. అక్కను ప్రొద్దుటూరులో ఇచ్చాం. బావకు అక్కడ బట్టల అంగడి. అన్నకు లింగాల దగ్గర బళ్లో ఉద్యోగం వచ్చింది. పెళ్లి చేసుకుని పులివెందులలో కాపురం పెట్టాడు. నేను జమ్మలమడుగులోనే నెట్ సెంటర్ పెట్టుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక సినిమాలు తీస్తూ ఉండిపోయాను. పూజారిగారి అబ్బాయి మండలాఫీసులో గుమాస్తా అయ్యాడు. వాడికిప్పుడు పొట్ట వచ్చింది కాబట్టి పోలీసు వేషం ఇంకా బాగా నప్పుతుంది.

అన్న పులివెందులలో ఇల్లు కట్టుకున్నాడు. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకు అందరినీ పిలవాలి. మా వైపు పిలుపంటే ఆషామాషీ వ్యవహారం కాదు. కార్డు ఎంత బాగా అచ్చు వేయించినా, మనిషి వచ్చి, ఇంట్లో కూర్చుని, మంచినీళ్లు తాగి, నోటితో చెప్పాలి. అది పిలుపు. మిగతాది కబురు. కబురుకు కదిలేవాళ్లు మా వైపు తక్కువ.

అన్న కార్డులు పట్టుకుని ప్రొద్దుటూరు వెళ్లాడు. వదిన తరఫు చుట్టాలు అక్కడ చాలామంది. వాళ్లందరి ఇళ్లకూ తిరిగాడు, అందరి ఇళ్లలోనూ నీళ్లు తాగాడు. వాళ్లలో ఒకరి ఇల్లు అక్కవాళ్ల వెనక వీధి. పొద్దుపోయింది, పులివెందుల బస్సు వేళయింది. అక్కకు ఫోను చేశాడు. "పాపా, ఇరవయ్యో తేదీ ప్రార్థన. అందరూ రాండి" అన్నాడు. ఇంట్లో అక్కను మేమంతా పాప అనే పిలుస్తాం. చెప్పాల్సింది ఒక్కసారి చెప్పేశాడు, బస్సు ఎక్కేశాడు.

అక్కకు ఆ సంగతి మర్నాడు వెనక వీధి ఆమె చెప్పింది. "నిన్న మీయన్న మా ఇంటికొచ్చినాడే, శానాసేపు కూర్చున్యాడు" అని. అక్క మొహం ఎట్లా పెట్టిందో నేను చూడలేదు. బావ మాత్రం "పిలవని పేరంటానికి పొయ్యేదేంది?" అన్నాడు. ప్రార్థన రోజు ఆ ఇంట్లోంచి ఎవరూ రాలేదు.

అన్న వాదన ఆయనది. "పరాయోళ్లకి పిలుపు గానీ సొంత చెల్లెలికి పిలుపేందిరా? అది ఆ పాప ఇల్లు గాదా?" అక్క వాదన అక్కది. "పరాయోళ్ల ఇంటికి పోను కాళ్లుండాయి, మా వీధికి తిరగను ల్యాకపాయనా?" నన్నడిగితే ఇద్దరిదీ సరైన మాటే. అందుకే అది తెగలేదు. ఒకరిది తప్పయితే ఎప్పుడో తెగేది.

మాటలు ఆగిపోయాయి. క్రిస్మస్‌కు అన్న ఇరవైనాలుగు సాయంత్రం వచ్చి, ఆరాధన అయ్యి భోంచేసి వెళ్లేవాడు. అక్క ఇరవైయారున వచ్చేది. అమ్మ రెండు రోజులూ ఒకే రకం పలావు చేసేది, ఒకరికి చేసింది ఇంకొకరికి తక్కువ కాకూడదని. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు నన్నే అడిగేవాళ్లు. "ఆ మనిషి బాగుండాడా?" అని అక్క. "పొద్దుటూరోళ్లు ఎట్లుండారు?" అని అన్న. పేరూ లేదు, వరసా లేదు. నాకు అది చిరాకుగా ఉండేది. చిరాకు అని అప్పుడు అనుకున్నాను, అది బాధే. ఇరవైయారున అక్క వచ్చేటప్పటికి అన్న కూర్చున్న కుర్చీ ఇంకా వాకిట్లోనే ఉండేది. ఆమె దాన్ని తీసి లోపల వేసి, వేరే దాంట్లో కూర్చునేది.

ఆ రోజుల్లోనే నేను ఒక కథ రాసుకున్నాను. అన్నాచెల్లెళ్లు. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒక గోడ. ఏళ్లుగా మాటల్లేవు. ఒకరోజు అన్న గోడ దగ్గరికి వచ్చి, "ఆదివారం మా ఇంటికి రా. పిల్లోళ్లను తీసుకోని రా" అంటాడు. చెల్లెలు "చూస్తాలే" అంటుంది. అంతే సినిమా. వాళ్లను కలపడానికే రాశావా అని తర్వాత చాలామంది అడిగారు. అంత మంచివాణ్ని కాదు. నాకు దగ్గరగా తెలిసిన గొడవ అదొక్కటే. తెలియని గొడవ మీద సినిమా తీస్తే, కొడవలి తెచ్చినవాడికీ నాకూ తేడా ఏముంది? పైగా ఊరికే నటించేవాళ్లు నాకు ఆ ఇద్దరే ఉన్నారు.

ముందు అక్క దగ్గరికి వెళ్లాను. మినప్పప్పులో రాళ్లు ఏరుతోంది. కథ విన్నది. మొహం చూపించాలి అన్నాను.

"ఇప్పుడు చూపిస్తే ఏంలే. సంబంధాలు చూసే కాలమా?" అంది. కొంచెంసేపు పప్పు ఏరి, తల ఎత్తకుండా అడిగింది. "ఆ అన్న వేషం ఎవురు?"

"అన్నే."

చేయి ఆగింది. "ఆయప్ప వస్తాడా ఈడికి?"

"రాడు. ఎవరింట్లో వాళ్లే. నేనే రెండు ఊళ్లకూ తిరిగి తీసుకుంటా. తర్వాత అతికిస్తే ఎదురెదురుగా మాట్లాడుకున్నట్టు ఉంటుంది."

"రాకుండానే వచ్చినట్టు చేస్తావా? బాగుంది నీ సినిమా" అంది. ఆ మాటలో వెటకారం ఉంది. అయినా ఒప్పుకుంది.

పులివెందులలో అన్నకూ కథ చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే. "ఎదురుగా పాపనా?" అవునన్నాను. "ఒక తూరే చేస్తా, ముందే చెప్తాండా" అన్నాడు. వదిన వంటింట్లోంచి చూసి నవ్వింది.

షూటింగ్ మొదలుపెట్టాను. అక్కవాళ్లది పాత ఇల్లు. చుట్టూ నిలువు బండలు పాతిన గోడ, మనిషి ఛాతీ ఎత్తు. అటు వీధి, ఇటు వాకిలి. అన్న నిలబడాల్సిన చోట పూజారిగారి అబ్బాయిని నిలబెట్టి, వాణ్ని చూస్తూ మాట్లాడమన్నాను. "చూస్తాలే" అన్న ఒక్కమాట అనలేక అక్క పడీపడీ నవ్వింది. "ఈ పొట్టను చూసి అలిగేది ఎట్లరా?" అంది. వాడికి రోషం వచ్చి పోయి అంగడి కాడ కూర్చున్నాడు. చివరికి వాకిలి ఊడ్చే పొరకను బండల సందులో నిలువుగా దోపి, దాన్ని చూసి మాట్లాడమన్నాను. పొరకను చూస్తే ఆమెకు నవ్వు రాలేదు. "చూస్తాలే" అన్నది. గొంతులో ఏళ్ల కోపం అంతా ఉంది. పొరక మీద అంత కోపం ఎవరికీ ఉండదు.

పులివెందులలో అన్నకూ పొరకే పెట్టాను. ఆయన చొక్కా మార్చుకుని వచ్చి, గోడ దగ్గర నిలబడి, "ఆదివారం మా ఇంటికి రా. పిల్లోళ్లను తీసుకోని రా" అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు ఉంది. ఇంకొకసారి అడగలేదు. అడిగినా లాభం లేదు.

తిరుగు ప్రయాణంలో ముద్దనూరు మీదుగా ఇంటికి పోవాల్సినవాణ్ని, ప్రొద్దుటూరుకు చుట్టు తిరిగి వెళ్లాను. నాన్నకు మందులు తేవాలి. అక్కకు ఫోనులో అన్న షాటు చూపించాను. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను పట్టుకుంది. "జుట్టంతా తెల్లగయిపోయిందే" అంది. మళ్లీ పెట్టమంది. ఈసారి మాట వినకుండా మనిషినే చూసింది. మళ్లీ పెట్టమంది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి లేచింది.

"ఇదీ ఫోన్లో పిలిచినట్టే గదరా" అంది.

జమ్మలమడుగు వచ్చి రెండు షాట్లూ అతికించాను. ఏదో తేడా కొట్టింది కానీ ఏందో తెలియలేదు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే బాగానే ఉంది. కలిపి చూస్తే ఉప్పు మరిచిపోయిన కూరలాగా ఉంది. మా అమ్మానాన్నలకు చూపించాను. వాళ్లకు బాగానే ఉంది. అమ్మ కళ్లు తుడుచుకుంది కూడా. పూజారిగారి అబ్బాయికి చూపించాను. వాడు దోసె నమలడం ఆపి అన్నాడు.

"ఏందప్పా, ఇద్దరూ ఒకే దిక్కు చూస్తాండారు? మాట్లాడుకుంటాన్నట్టు ల్యా. ఇద్దరూ బస్సు కోసం చూస్తాండారు."

మళ్లీ చూశాను. నిజమే. రెండు ఊళ్లలోనూ పొరకను నేను నటుల కుడిచేతి వైపే దోపాను. ఇద్దరూ కుడివైపుకే తిరిగి మాట్లాడారు. ఎదురెదురుగా ఉన్నవాళ్లయితే ఒకరు అటు, ఒకరు ఇటు చూడాలి. ఇది సినిమా తీసే చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. కానీ ఆ చూపు సహజంగానే తోచింది, నాకూ, అన్నకూ, అక్కకూ, అమ్మానాన్నలకూ. మా కుటుంబం మొత్తం ఇంకా పాస్టరుగారి వైపే చూసి మాట్లాడుతోంది. పూజారిగారి అబ్బాయి మా నాటకాలు చూస్తూ పెరగలేదు కాబట్టి వాడికి తెలిసిపోయింది. నవ్వు ఆపుకోలేక వాడికి దోసె గొంతులో పొరబోయింది.

అన్నకు ఫోను చేశాను. మళ్లీ తీయాలని చెప్పాలంటే భయం. కూరగాయలమ్మే ఆమె కేకలు గుర్తొచ్చాయి. తప్పు నాదేనని, పొరక ఎడమవైపు పెట్టాల్సిందని, ఇంకొక్కసారి చేస్తే చాలని గబగబా చెప్పేశాను. ఆయన వేరే సంగతి అడిగాడు.

"పాప చూసిందా దాన్ని?"

"చూసింది."

"ఏమనింది?"

నేను మాట మార్చి చెప్పొచ్చు. చెప్పలేదు. ఫోన్లో పిలిచినట్టే గదా అన్నదని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"శనివారం పొద్దుటూర్లో నాకు పనుంది. ఆడే తీసుకుందాంలే. వీధిలోనే నిలబడతా, లోపలికి రమ్మనాకు" అన్నాడు.

ప్రొద్దుటూరులో ఆయనకు పనేమీ లేదు.

అక్కకు చెబితే, "వీధి ఎవురి సొత్తూ కాదు, నిలబడమను" అంది. శనివారం పొద్దున నేనూ పూజారిగారి అబ్బాయీ వెళ్లేసరికి వాకిలంతా కడిగి ఉంది. అక్క మంచి చీర కట్టుకుంది. కథలో ఆమెది ఇంట్లో కట్టుకునే పాత చీర, ముందు షాటులోనూ అదే. మార్చుకోమన్నాను. మార్చుకోనంది. బావ అంగడికి వెళ్లాడు. ఆ రోజు మామూలుకంటే ముందే వెళ్లాడని తర్వాత తెలిసింది.

ఈసారి పొరక వద్దనుకున్నాను. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటే చూపు తప్పే బాధ ఉండదు. బండల గోడకు వీధి వైపు అన్న, వాకిలి వైపు అక్క. ఇద్దరూ పక్కనుంచి కనపడాలంటే కెమెరా గేటు దగ్గర పెట్టాలి. గేటు తెరిచి, సరిగ్గా ఆ దారి మధ్యలో స్టాండు నిలబెట్టాను.

అన్న పది గంటల బస్సుకు వచ్చాడు. చేతిలో బరువైన సంచి. వదినవాళ్లకు సింహాద్రిపురంలో చీనీతోట ఉంది. సంచి నిండా చీనీకాయలు, బయటివాళ్లు బత్తాయిలంటారు.

"సంచి పక్కన పెట్టన్నా. ముందు షాటులో ల్యా" అన్నాను.

"ఉండనీలే" అన్నాడు.

"సినిమాలో తేడా వస్తుంది."

"పిలవను పొయ్యేటోడు ఉత్తచేతులతో పోతాడారా?" అన్నాడు. నేను సినిమా సంగతి మాట్లాడుతున్నాను. ఆయన ఏ సంగతి మాట్లాడుతున్నాడో అప్పుడు పూర్తిగా తట్టలేదు.

అక్క వచ్చి గోడకు ఇవతల నిలబడింది. ఆయన అవతల. మధ్యలో బండలు ఛాతీ ఎత్తు. ఇద్దరూ ఒకరినొకరు అంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. పలకరింపుల్లేవు. నేను యాక్షన్ అన్నాను.

అన్న కుడివైపుకు తిరిగి, ఎదురింటి కరెంటు స్తంభాన్ని చూస్తూ, వెనక బెంచీకి వినపడేటట్టు చెప్పాడు. "ఆదివారం మా ఇంటికి రా. పిల్లోళ్లను తీసుకోని రా."

అక్క "చూస్తాలే" అనాలి. అనలేదు. తల తిప్పకుండా నాతో అంది.

"సరిగా రాలే. మళ్లీ చెప్పమను."

అన్న తువ్వాలు దులుపుకుని బస్టాండు వైపు నడుస్తాడని అనుకున్నాను. కెమెరాకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకున్న పూజారిగారి అబ్బాయి నా వైపు చూశాడు. వాడికీ అన్న సంగతి తెలుసు.

అన్న సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు తగ్గింది, చూపు మాత్రం స్తంభం మీదే ఉంది.

"నన్ను పిలుస్తాండాడా, ఆ స్తంభాన్నా? అడుగు" అంది అక్క.

నేను అడగాల్సిన పని లేదు, ఇద్దరి మధ్యలో ఉంది బెత్తెడు బండే. అన్న మెల్లగా ఎడమవైపుకు తిరిగాడు. నాకు తెలిసి ఆయన మాట్లాడుతూ అటు తిరగడం అదే మొదలు. అక్క మొహం చూసి చెప్పాడు. అక్క మళ్లీ అనమంది. మళ్లీ అన్నాడు. మాటలు కొంచెం కొంచెంగా మారిపోతూ వచ్చాయి. నేను రాసిన వాక్యంలో పాప అన్న మాట లేదు, అది వచ్చి చేరింది. బావను తీసుకుని రా అన్న మాట లేదు, అదీ వచ్చింది. ఎండ నెత్తి మీదికి వచ్చి, నీడలు ముక్కుల కింద నల్లగా పడ్డాయి. ఆ వెలుతురులో తీసింది ఏదీ పనికిరాదని నాకు తెలుసు. యాక్షన్ అనడం ఎప్పుడో మానేశాను. జన్మలో ఒక మాట రెండుసార్లు చెప్పని మనిషి, కూరగాయల సంతలో వెనక్కి తిరగని మనిషి, నడివీధిలో సంచి పట్టుకుని, అడిగిన కొద్దీ చెబుతూనే ఉన్నాడు. ఆ పని నేను డైరెక్టరుగా ఎన్నేళ్లు బతిమాలినా చేయించలేకపోయాను.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు నా వైపు కాకుండా ఆయన వైపే చూసి అడిగింది.

"ఆదివారం ఏముంది మీ ఇంట్లో?"

ఆ మాట నేను రాయలేదు. అన్న నా మొహం చూశాడు, ఈ మాట కథలో ఉందా అన్నట్టు.

"ఏం ల్యా" అన్నాడు.

"ఏం లేకుంటే ఎందుకు పిలుస్తాండావు?"

"ఊరికే. ఊరికే రా పాపా."

అక్క గోడ మీదుగా చెయ్యి చాపి సంచి అందుకుంది. బరువుకు చెయ్యి కిందికి జారితే, అన్న అవతలినుంచి సంచి అడుగున చెయ్యి వేసి పట్టుకున్నాడు. సంచి ఇవతలికి వచ్చేసింది. ఆమె దాన్ని నేల మీద పెట్టి, గేటు వైపు తిరిగి నన్ను కసిరింది.

"రేయ్, ఏంది చూస్తా నిలబడినావు? ఆ కెమెరా దావలోనుంచి తియ్. అన్న లోపలికొచ్చి నీళ్లు తాగద్దా?"